గోబీ చేపలను గుర్తుపట్టడానికి సన్నటి అక్రిలిక్ డబ్బా: చాన్నాళ్లు వాడాక

రాళ్ల మడుగుల్లోనూ నది సముద్రంలో కలిసే మొగల దగ్గర బురదలోనూ ఇసుక ఒడ్డున మోకాలి లోతు నీళ్లలోనూ చిటికెనవేలంత గోబీ చేపలు కనిపిస్తూనే ఉంటాయి. వాటిని పైనుంచి చూసి జాతి చెప్పేవాళ్ల మాట నేను నమ్మను. పైనుంచి అన్నీ ఇసుక రంగు ఒంటి మీద గోధుమ మచ్చలే. పక్కనుంచి, ఎదురుగా, కిందనుంచి చూస్తేనే తేడాలు బయటపడతాయి. ఆ పనికి వాడేదే ఈ డబ్బా. పొడవు 15 సెం.మీ., ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 2.5 సెం.మీ. మూత లేదు. లోపల అటూ ఇటూ జరిపే పలక ఒకటి ఉంటుంది, దాంతో చేపను ముందు గోడ వైపు మెల్లగా తేవచ్చు. 8 సెం.మీ. ఎత్తుకు నింపితే 300 మి.లీ. నీళ్లు పడతాయి.

చేపను చూపించడంలో దీనికి వంక పెట్టలేం. చిక్కంతా ఇంకోచోట ఉంది. చేప డబ్బాలోకి వచ్చిన క్షణమే అది ఉన్న చోటు మన చేతిలోంచి జారిపోతుంది. గోబీల విషయంలో ఆ చోటే సగం గుర్తు. డబ్బా కొన్నవాళ్లు చాలామంది ఫొటోల మీద పడి ఈ సగాన్ని వదిలేస్తారు.

ముందు అది గోబీయేనా అన్నది తేలాలి. వీపు మీద రెక్కలు రెండు, విడివిడిగా ఉండాలి. ముందుదానిలో మెత్తటి ముళ్లు, సాధారణంగా ఆరు. ఒంటి మీద పార్శ్వరేఖ, అంటే చాలా చేపలకు పక్కన పొడవునా సాగే గీత, ఉండదు. పొట్ట కింది రెక్కలు రెండూ కలిసిపోయి గిన్నెలా ఉంటాయి. వీపు మీద ఒకటే పొడవాటి రెక్క, గొంతు కింద వేళ్లలా రెండు సన్నటి పోగులు ఉంటే అది బ్లెనీ. పొట్ట కింద పెద్ద అతుకుడు బిళ్ల ఉండి, వీపు రెక్క ఒక్కటే బాగా వెనక్కి తోక దగ్గర ఉంటే క్లింగ్‌ఫిష్. పొట్ట రెక్కలు వెడల్పుగా విడివిడిగా ఉండి, చెంప చివర ముల్లు కనిపిస్తే డ్రాగనెట్. స్లీపర్లు అనే చేపలొక్కటే తికమక పెడతాయి. ఆకారం అంతా గోబీదే, కానీ పొట్ట రెక్కలు కలవవు.

ఈ డబ్బాకు పెట్టిన డబ్బు ఇక్కడే గిట్టుబాటవుతుంది. నీళ్లలో వదిలిన రెండు నిమిషాలకు చాలా గోబీలు గోడకు అతుక్కుంటాయి. అప్పుడు బయటినుంచి పది రెట్లు పెంచే భూతద్దం పెట్టి చూడండి. రెండు రెక్కల చువ్వలు విసనకర్రలా విచ్చుకుని అంచులు కలిసి ఉంటాయి. గిన్నెకు ముందు వైపు, తల దిక్కున, అడ్డంగా ఒక పలుచటి పొర కనిపిస్తుంది. ఆ పొర రెండు చివర్లా చెవి తమ్మెల్లాంటి ముక్కలు ఉన్నాయా లేదా అన్నది ఈశాన్య అట్లాంటిక్ రాళ్ల మడుగుల్లో రాక్ గోబీకీ జెయింట్ గోబీకీ మధ్య తేల్చే గుర్తు. తమ్మెలు స్పష్టంగా ఉంటే జెయింట్, లేకపోతే రాక్. చేపను చేతిలోకి తీసి వెల్లకిలా తిప్పితే ఈ పొర ముడుచుకుపోయి ఏమీ తెలియదు. గోడకు అతుక్కున్నప్పుడు దానంతటదే చాచి చూపిస్తుంది.

జెయింట్ గోబీ 27 సెం.మీ. దాకా పెరుగుతుంది కాబట్టి పెద్దది ఈ డబ్బాలో పట్టదు. తంటా అంతా దాని పిల్లలతోనే. అన్నట్టు బ్రిటన్‌లో ఆ జాతికి 1981 నాటి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. తీరంలో బాగా పైన, మంచినీళ్లు వచ్చి కలిసే మడుగుల్లో, ఉప్పూ మిరియాల పొడీ చల్లినట్టున్న ఒళ్లు, తలకు మరీ చిన్నగా అనిపించే కళ్లు కనబడితే అక్కడ వల ముంచకండి. గట్టు మీదినుంచే ఫొటో తీసుకుని వదిలేయాలి.

తర్వాత చూడాల్సింది ముందు వీపు రెక్క. డబ్బాలో చేప దాన్ని మడిచి పెట్టుకుంటుంది, మడిచిన రెక్క మీద మచ్చ ఎక్కడుందో చెప్పలేం. లోపలి పలకను అర సెంటీమీటరు జరిపితే చాలు, నీళ్లు కదిలి రెక్క లేస్తుంది. అది లేచి ఉండేది రెండు మూడు సెకన్లే. కాబట్టి ఫోకస్ ముందే పెట్టుకుని వరసగా ఫొటోలు తీసే సెట్టింగులో ఉండాలి. పుల్లతో పొడిచేవాళ్లున్నారు, అలా చేస్తే చేప గింజుకుని నీళ్లు బుడగలమయం అవుతాయి.

మచ్చ రెక్కకు ముందుందా వెనకుందా అన్నదే అసలు ప్రశ్న. రెండు వీపు రెక్కలకూ ముందు పై మూలల్లో నల్ల మచ్చ ఉంటే బ్లాక్ గోబీ. మచ్చ ముందు రెక్క వెనక భాగంలో ఉంటే శాండ్ గోబీ మగదో కామన్ గోబీ మగదో అయి ఉంటుంది. శాండ్ గోబీలో అది ముదురు నీలంగా, చుట్టూ తెల్లటి అంచుతో ఉంటుంది. నల్లటి మచ్చలు రెండు వరసలుగా రెక్కల పొడవునా సాగి, మధ్యలో గులాబీ రంగు పట్టీ ఉంటే పెయింటెడ్ గోబీ. ఇది గులక, గవ్వ ముక్కలు కలిసిన ఇసుక మీద ఎక్కువ. రాక్ గోబీ మగదానికి ముందు రెక్క పై అంచున లేత నారింజ పట్టీ ఉంటుంది. బాల్టిక్ సముద్రంలోకి బయటినుంచి వచ్చి చేరి 1990 నుంచి కనిపిస్తున్న రౌండ్ గోబీకి కూడా ముందు రెక్క వెనక భాగంలోనే నల్ల మచ్చ ఉంటుంది. కానీ అది బొద్దుగా, పెద్దగా ఉంటుంది. శాండ్ గోబీ పక్కన పెడితే పొరబడే ప్రశ్నే లేదు.

తోక మొదట్లో గుండ్రటి నల్ల మచ్చ, మగదైతే పక్క రెక్క వెనక ఇంకొకటి, ముందు వీపు రెక్కలో ఆరుకు బదులు ఏడు ముళ్లు ఉంటే టూ-స్పాటెడ్ గోబీ. నిజానికి దీనికి డబ్బాతో పనే లేదు. మిగతావి నేల మీద కూర్చుంటే ఇది కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు చుట్టూ, సముద్రపు గడ్డి చుట్టూ గుంపుగా నీళ్ల మధ్యలో నిలబడి ఈదుతుంది. వల ముంచకముందు ఆ ఒక్క సంగతి చూసి ఉంటే పేరు అక్కడే వచ్చేది. డబ్బాలో అడుగున ఒంటరిగా కూర్చోబెట్టాక అది కూడా మామూలు గోబీలాగే ఉంటుంది.

శాండ్, కామన్ జంట దగ్గర డబ్బా సాయం సగమే. పుస్తకాల ప్రకారం ఒంటి పొడవునా పొలుసులు లెక్కపెట్టాలి: కామన్‌లో 39 నుంచి 52, శాండ్‌లో 55 నుంచి 75. 5 సెం.మీ. బతికున్న చేప మీద ఆ లెక్క కుదిరే పని కాదు. దానికి బదులు తల వెనక మెడ మీద చూడండి. శాండ్ గోబీకి అక్కడ పొలుసులుంటాయి, కామన్‌కు నున్నగా ఉంటుంది. లైటు పక్కనుంచి, గోడకు దాదాపు ఆనించినట్టు ఏటవాలుగా పడితే పొలుసుల అంచులు మెరుస్తాయి. ఎదురు ఫ్లాష్‌తో అన్నీ నున్నగానే కనిపిస్తాయి. తప్పు పేర్లు పడటానికి పెద్ద కారణం ఈ ఫ్లాషే. ఇక శాండ్‌నూ, దాన్ని బాగా పోలిన లొజానో గోబీనీ ఫొటోతో విడదీశానని ఎవరైనా చెబితే ఆ నమోదు పక్కన పెట్టేయొచ్చు. ఆ రెండూ దాటుకుని సంకరం కూడా అవుతాయి. ‘శాండ్ లేదా లొజానో’ అని రాస్తే నిజాయితీగా ఉంటుంది. తల మీది సూక్ష్మ రంధ్రాలు, స్పర్శ బుడిపెల వరసలు చూసి చెప్పే పద్ధతి ఉంది, కానీ అది ల్యాబ్‌లో భద్రపరిచిన చేపకు పనికొచ్చేది, ఒడ్డున డబ్బాలో కాదు.

డబ్బా మోసం చేసే చోట్లు రెండున్నాయి. మొదటిది రంగు. వెనక తెల్ల అట్ట పెడితే గోబీ కొద్ది నిమిషాల్లో పాలిపోతుంది, అడ్డ చారలు మాసిపోతాయి. నల్ల అట్ట పెడితే అన్నీ నల్లబడతాయి. బూడిద రంగు అట్టే మేలు. మొదటి ఫొటో చేప లోపల పడిన అర నిమిషంలోనే తీసేయాలి, బాగా రాకపోయినా ఫరవాలేదు. రంగుకు ఆ ఫొటోయే సాక్ష్యం. ఆకారానికి, రెక్కలకు తర్వాతవి చూసుకోవచ్చు.

రెండోది కొలత. ఈ డబ్బాకు స్కేలు ముందు గోడ బయట అచ్చు వేసి ఇస్తారు. చేప వెనక గోడ దగ్గర ఉండి, కెమెరా 15 సెం.మీ. దూరంలో ఉంటే 6 సెం.మీ. చేప ఆ స్కేలు మీద 5.3గా కనిపిస్తుంది. తయారీదారు చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. ప్లాస్టిక్ స్కేలు ముక్క ఒకటి కోసి లోపలి పలకకు అతికిస్తే చాలావరకు సరిపోతుంది. చేపను ముందు గోడకూ ఆ పలకకూ మధ్య ఇరుకున ఉంచి అప్పుడు కొలవాలి. నొక్కకూడదు.

ఇక చోటు సంగతి. వల ముంచకముందే నాలుగు విషయాలు రాసిపెట్టుకోవాలి: నేల ఎలాంటిది, నీళ్లు ఎంత ఉప్పు, తీరంలో ఎంత ఎత్తున ఉంది, చేప ఏం చేస్తోంది. నేలను కంటితో కాకుండా వేళ్ల మధ్య నలిపి చూడాలి. మరక మిగిలితే బురద, రాలిపోతే ఇసుక, రెండూ అయితే రెండూ అని రాయాలి. ఉప్పదనం దగ్గర ఎక్కువమంది బోల్తా పడతారు. మొగల దగ్గర మంచినీళ్లు తేలికై పైన పారుతుంటాయి, బరువైన ఉప్పునీళ్లు అడుగున ఉంటాయి. గోబీ ఉండేది అడుగున. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద పైనీటి చుక్క వేసి ‘దాదాపు మంచినీళ్లు’ అని రాస్తే, ఆ ఒక్క అంకెతో శాండ్ గోబీ కాస్తా కామన్ గోబీ అయిపోతుంది. పొడవాటి గొట్టంతోనో మూత బిగించి దించిన సీసాతోనో అడుగు నీళ్లు తీయాలి. పోటు ఉందా ఆటు ఉందా అన్నది పక్కనే రాయాలి.

అలాగని చోటును చూసి తీర్పు చెప్పేయకూడదు. ఉప్పు తగ్గినా తట్టుకుని మొగల్లో, ఉప్పు గడ్డి మడుగుల్లో నిలిచేది కామన్ గోబీ అన్నది నిజమే. కానీ శాండ్ గోబీ పిల్లలు కూడా అక్కడికి వస్తాయి. పెద్ద అలల తర్వాత టూ-స్పాటెడ్ రాళ్ల మడుగుల్లో చిక్కుకోవచ్చు. చోటు ఒకటి చెప్పి ఒళ్లు ఇంకోటి చెబితే ఒంటినే నమ్మండి. ఒళ్లు ఏమీ చెప్పనప్పుడు చోటును వాడుకోండి.

ఉష్ణమండల తీరాల్లో డబ్బా వాడకం కొంచెం మారుతుంది. రాళ్ల మడుగుల్లో ఎక్కువగా దొరికే ఫ్రిల్‌ఫిన్ గోబీలకు పక్క రెక్క పైభాగంలో చువ్వలు విడిపోయి పట్టుపోగుల్లా వేలాడతాయి. వెనకనుంచి వెలుతురు పడేలా డబ్బాను ఆకాశం వైపు ఎత్తితే అవి ఒక్కొక్కటే కనిపిస్తాయి. రాక్ గోబీకీ ఇలాంటి పోగులున్నాయి, కాబట్టి ఈ గుర్తుకు ఏ సముద్రమో తోడు కావాలి. బొరియ గుమ్మంలో గోబీ, దాని వెనక మట్టి తోస్తూ రొయ్య కనిపిస్తే డబ్బా సంచిలోనే ఉండనివ్వండి. చూపు సరిగా లేని ఆ రొయ్య మీసం చేపకు ఆనించి అపాయం పసిగడుతుంది. చేపను తీసేస్తే దాని కాపలా పోయినట్టే. బురద మీద గెంతే మడ్‌స్కిప్పర్లకు బైనాక్యులర్లు చాలు.

మన్నిక సంగతికొస్తే, గాజు కాదు కాబట్టి రాళ్ల మీద పడితే గాజంత తేలిగ్గా పగలదు. గీతలు మాత్రం తప్పవు. ఇసుక రేణువులున్న గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ముందు గోడ మసకబారుతుంది. ముందు మంచినీళ్లు పోసి కడిగి, తడి ఆరకముందే మెత్తటి గుడ్డ అద్దాలి. ఉప్పు ఆరి గట్టిపడ్డాక రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. శానిటైజర్‌తో తుడవడం ఇంకా పెద్ద తప్పు. ఆల్కహాల్ తగిలితే అక్రిలిక్‌లో సాలెగూడు లాంటి సన్నటి పగుళ్లు వస్తాయి, అవి మూలల అతుకుల దగ్గర మొదలై చివరికి కారతాయి. లోపలి పలక అంచులు కొత్తలో పదునుగా ఉంటాయి, సన్న రకం గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దకుండా చేపను వేయకండి. పలకకూ గోడకూ మధ్య సందు 2 మి.మీ. ఉంది. 3 సెం.మీ. లోపు పిల్లలు అందులోకి దూరిపోతాయి, అంచుకు సన్నటి సిలికాన్ గొట్టం చీల్చి తొడిగితే ఆ బెడద తీరుతుంది.

300 మి.లీ. నీళ్లు ఎండలో త్వరగా వేడెక్కుతాయి, అందులో ప్రాణవాయువూ త్వరగా తరుగుతుంది. ఒక్కసారికి ఒక్క చేప, ఐదు నిమిషాలు, నీడలో. డబ్బాను ముందే అదే మడుగులో ముంచి చల్లబరిచి, అదే నీళ్లు నింపాలి. మొప్పలు వేగంగా కొట్టుకుంటూ చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే గుర్తుపట్టడం ఆపి వదిలేయాల్సిందే. ఆలిచిప్ప కిందో రాయి అడుగునో గుడ్లు అంటుకుని ఉంటే అక్కడున్న మగచేపను అసలు పట్టొద్దు, కాపలా అదే. ఎత్తిన రాయిని ఎలా ఉందో అలాగే, అదే ముఖం కిందికి వచ్చేలా పెట్టాలి.

వదిలేటప్పుడు పక్క మడుగు దగ్గరగా ఉంది కదా అని అందులో పోయకండి. ఫ్రిల్‌ఫిన్ గోబీల మీద 1951లో వచ్చిన పరిశోధన ప్రకారం అవి పోటు నీళ్లలో చుట్టూ తిరిగి నేల ఎత్తుపల్లాలు గుర్తుపెట్టుకుంటాయి, ఆటు వేళ ఆ గుర్తుతోనే ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి గురి తప్పకుండా దూకుతాయి. ఏ రాయి పక్కన పట్టారో ఆ రాయి పక్కనే డబ్బాను నీళ్లలో ముంచి వంచండి. అది తానే ఈది వెళ్తుంది.