గోల్కొండా, సాలార్‌జంగ్ మ్యూజియమా?

హైదరాబాద్‌లో చేతిలో ఒక్క పూటే ఉంటే నా ఓటు గోల్కొండకే, మోకాళ్లు సహకరిస్తేనే సుమా. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ పైనున్న బాలా హిస్సార్ మండపంలో వినిపిస్తుంది. అప్పట్లో కాపలావాళ్లకు అదే కాలింగ్ బెల్. దారిలో రామదాసు చెర కూడా చూడొచ్చు. గోడ మీద ఆయన చెక్కుకున్నవని చెప్పే దేవుళ్ల బొమ్మలుంటాయి. ఎండ ముదరకముందే ఎక్కేయాలి.

మండే ఎండలో, పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే సాలార్‌జంగే మేలు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ‘మేలిముసుగు రెబెకా’ దగ్గర కాసేపు ఆగండి. ముసుగూ పాలరాయే, లోపలి ముఖమూ పాలరాయే! గంటగంటకీ గడియారంలోంచి బుల్లి గడ్డపాయన బయటికొచ్చి గంట కొడతాడు. పన్నెండింటికైతే పన్నెండు దెబ్బలు, జనం కిక్కిరిసిపోతారు. శుక్రవారం మాత్రం సెలవు.