ఈజీఆర్ వాల్వ్ మార్చేముందు ఒకసారి చూపించుకోండి: వరంగల్ ఆటోనగర్ డీజిల్ షెడ్డు రివ్యూ

డీజిల్ కారు ఉండి, ఇంజన్ లైట్ వెలిగి, పికప్ పోయి, ఎక్సలేటర్ తొక్కితే ఎనుక నల్ల పొగ కొడుతున్నోళ్ల కోసం రాస్తున్న. వరంగల్ ఆటోనగర్‌ల డీజిల్ పని చేసే చిన్న షెడ్డు ఒకటున్నది, పెద్ద బోర్డు ఏం లేదు, ఒక అన్న, ఆయన దగ్గర పని నేర్చుకునే ఇద్దరు పిల్లలు, అంతే. నా దిక్కునుంచి అయిదుకు నాలుగున్నర. ఆ సగం ఎందుకు కోసిన్నో కింద చెప్త.

బండి 2018 మోడల్, బీఎస్4 డీజిల్. ఎక్కువ తిరిగేది హన్మకొండల్నే, స్కూలు, మార్కెట్, కాజీపేట స్టేషన్, అన్నీ చిన్న చిన్న ట్రిప్పులు, ఇంజన్ సరిగ్గ వేడెక్కేలోపే ఆపేసుడు. కొన్ని నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వణుకుడు మొదలైంది, ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కాలంటే మూడో గేర్ల లాగక రెండుకు దించాల్సి వచ్చేది, మైలేజ్ కూడా పడిపోయింది. ముందు వేరే చోట చూపిస్తే స్కానర్ పెట్టి కోడ్ (ఏం తప్పున్నదో బండి చూపించే నెంబర్) చదివి ఈజీఆర్ వాల్వ్ (బయటికి పోయే పొగల కొంత మళ్ల ఇంజన్‌లకు పంపే వాల్వ్) పోయింది, సెట్టు మొత్తం మార్చాలె, 20,000 పైన అయితది అన్నరు. ఎందుకు పోయిందంటే జవాబు లేదు, కోడ్ వచ్చింది కదా సార్ అని అదే మాట.

ఈ షెడ్డు అన్న కూడా కోడ్ చదివిండు, పీ0404, కానీ అక్కడ ఆగలే. ఆయన చెప్పింది ఏందంటే, కోడ్ అంటే వాల్వ్ చెడిపోయిందని కాదు, బండిలున్న కంప్యూటర్ అడిగినట్టు వాల్వ్ కదులుతలేదు అని మాత్రమే. మసి పట్టి ఇరుక్కుండొచ్చు, కనెక్టర్ల నీళ్లు పోయుండొచ్చు, వైరు తెగుండొచ్చు, లోపల మోటరే కాలుండొచ్చు. పీ0401 వస్తే గ్యాస్ చాలినంత పోతలేదని, పీ0402 అయితే ఎక్కువ పోతున్నదని, పీ0403 అయితే కరెంటు దిక్కు చూడాలని, ఇట్ల దేనికది వేరు. అన్నిటికీ ఒకటే మందు అన్నట్టు వాల్వ్ మార్చుడు తప్పు కదా.

తర్వాత ఇంజన్ స్టార్ట్‌ల ఉంచి లైవ్ డేటా తీసి నన్ను పక్కన నిలబెట్టి చూపించిండు. స్క్రీన్ మీద రెండు లెక్కలు, కంప్యూటర్ వాల్వ్‌ను ఎంత తెరవమంటున్నది, అది నిజంగా ఎంత తెరిచి ఉన్నది. పూర్తిగా మూసుకో అని కమాండ్ ఇచ్చిండు, పై లెక్క సున్నాకు వచ్చింది, కింద లెక్క మధ్యల్నే ఆగిపోయింది. ఇంకోటి కూడా చూపించిండు, గాలి కొలిచే సెన్సర్ రీడింగ్. వాల్వ్ మూసుకుంటే పాత పొగ రాదు, ఆ జాగల కొత్త గాలి వస్తది, రీడింగ్ పెరగాలె, మా బండిల కదలనే లేదు. ఇన్ని చూసినంక కూడా టర్బో (ఇంజన్‌లకు గాలి నూకేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లార్చేది) పోయే హోస్ పైపు మొత్తం చెయ్యి పెట్టి తడిమిండు, ఎక్కడన్న పగిలి గాలి లీకయితే కూడా ఇదే నల్ల పొగ, ఇదే పికప్ లేకపోవుడు ఉంటదట. ఎయిర్ ఫిల్టర్ తీసి చూసిండు, కూలెంట్ డబ్బా చూసిండు. కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తే ఈజీఆర్ కూలర్ (ఆ వాల్వ్‌కు పోయే పొగను కూలెంట్‌తోని చల్లార్చేది) లీకేమో చూడాలె, అది వేరే కథ, వేరే ఖర్చు. పాత బండ్లల్ల వాల్వ్ వాక్యూమ్ మీద నడుస్తది, వాటికి చేతి పంపుతోని గాలి గుంజి వాల్వ్ లేస్తున్నదా లేదా చూస్తడు, పక్కన ఒక పాత జీపుకు అదే చేస్తున్నడు.

అసలు ఈ వాల్వ్ ఎందుకంటే, సైలెన్సర్ దిక్కు పోయే పొగల కొంత మళ్లీ ఇంజన్‌లకు పంపుతది. ఆ పొగల ఆక్సిజన్ తక్కువ, దాంతోని లోపల మంట వేడి తగ్గుతది, వేడి తగ్గితే గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతయి. మనం ఎక్సలేటర్ గట్టిగ తొక్కినప్పుడు ఇంజన్‌కు గాలి ఎక్కువ కావాలె కాబట్టి అప్పుడు వాల్వ్ మూసుకోవాలె. మూసుకోకుండ తెరిచే ఉంటే డీజిల్ పడుతున్నది, గాలి చాలుతలేదు, సగం కాలిన డీజిల్ నల్ల పొగై పోతది. బ్రిడ్జి మీద బండి ఎందుకు చచ్చిందో ఇది ఇన్నాక నాకు సాఫ్ అయింది.

ఇంజన్ చల్లారేదాక ముట్టలేదు, అది నాకు నచ్చింది, వేడి మీద విప్పితే బోల్టులు తెగుతయని. వాల్వ్ బయటికి తీసినంక చూస్తే మసి పొడి లెక్క లేదు, ఎండిపోయిన తారు ముద్ద. ఇంజన్ బ్రీదర్ (లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరీ, పొగల మసీ కలిస్తే ఇట్ల అయితదట. వాల్వ్ మూతి దగ్గర ఫోన్ టార్చ్ పెట్టి నన్ను అటు దిక్కు నుంచి చూడమన్నడు, సందులకెళ్లి సన్నగ వెలుగు కనబడ్డది. వాల్వ్ మూసుకున్నప్పుడు ఆనే అంచు మీద మిరియం గింజంత గట్టి కార్బన్ పెళ్ల కూసున్నది, వాల్వ్ దాని మీదికి వచ్చి ఆగుతున్నది. 20,000 అడిగింది ఆ పెళ్ల కోసం!

కడుగుడు కూడా ఓపికతోని చేసిండు. మోటరూ కనెక్టరూ ఉన్న భాగం పైకి పెట్టి కిందికి మాత్రమే స్ప్రే కొట్టిండు, నానబెట్టిండు, బ్రష్షుతోని రుద్దిండు, మళ్ల నానబెట్టిండు. పిల్లగాడు స్క్రూడ్రైవర్ పెట్టి వాల్వ్‌ను నూకబోతే గట్టిగనే అరిచిండు, లోపల చిన్న పండ్ల చక్రాలుంటయి, నూకితే పండ్లు పోతయి, అప్పుడు నిజంగనే కొత్తది కొనాలె. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లకు గాలి పోయే గొట్టాలు) మూతి కూడా సగం మూసుకపోయి ఉండె, మసి లోపలికి జారకుండ గుడ్డ పెట్టి గీకి తీసిండు. గాలి ప్రెషర్ సెన్సర్ కొసకు కూడా మసే, అదీ తుడిచిండు. పాత గాస్కెట్ (లీకు కాకుండ సందుల పెట్టే రేకు) మళ్ల వెయ్యలే, కొత్తది తెప్పించిండు.

బిగించినంక చాలామంది మరిచిపోయేది ఒకటున్నది, వాల్వ్ ఎక్కడ పూర్తిగా మూసుకుంటదో కంప్యూటర్‌కు స్కానర్‌తోని మళ్ల నేర్పాలె. అది చేసి, కోడ్ తుడిచి, స్కానర్ పెట్టుకొనే ములుగు రోడ్డు మీద బండి లాగించి చూసిండు. ఇప్పుడు రెండు లెక్కలూ కలిసి నడుస్తున్నయి. ఆ రోజు నుంచి లైట్ మళ్ల రాలే, వణుకు లేదు, బ్రిడ్జి మూడో గేర్ల ఎక్కుతున్నది.

స్ప్రే, గాస్కెట్, లేబర్ అన్నీ కలిపి 3,000 లోపే అయింది. ఈజీఆర్ పొగ దారిని ప్లేట్ పెట్టి మొత్తం మూసేస్తే మళ్ల ఈ లొల్లి ఉండదు కదన్నా అని నా దోస్తు ఒకడు అడిగితే ఒప్పుకోలే. పొల్యూషన్ టెస్టుల డీజిల్ బండికి పొగ ఎంత నల్లగున్నదో చూస్తరు గని ఈ నైట్రోజన్ లెక్క చూడరు, అందుకే మూసేసేటోళ్లకు దొరకమని ధైర్యం, కానీ ఆ గాలి పీల్చేది మన పిల్లలే అన్నడు. పైగా మూసేస్తే పీ0401 వచ్చి లైట్ మళ్ల వెలుగుతది. ఆ మాట మీద నాకు ఆయనంటే గౌరవం పెరిగింది. మళ్ల మసి పట్టకుండ ఉండాలంటే అప్పుడప్పుడు హైవే మీద కొంచెం సేపు మంచిగ లాగాలె, ఆయిల్ టైముకు మార్చాలె, కంపెనీ చెప్పిన గ్రేడే పొయ్యాలె అన్నడు. నేను ఇప్పుడు వారానికోసారి జనగామ రూట్ల కొంతదూరం పోయొస్తున్న.

ఇగ సగం ఎందుకు కోసిన్నంటే, టైము. పొద్దున ఇస్తే మధ్యాహ్నం అని, చేతికొచ్చేసరికి చీకటి పడ్డది. కూసోవడానికి నీడ లేదు, ఎండకాలం అయితే కష్టం. ఫోన్ చేస్తే ఎత్తడు, చేతులకు మసి ఉంటది పాపం. బిల్లు అడిగితేనే రాసిస్తడు, అడగండి, గాస్కెట్ పైసలు వేరుగ రాయమనండి. బీఎస్6 బండ్లకు డీపీఎఫ్ (పొగల మసిని పట్టే ఫిల్టర్) కూడా ఉంటది కాబట్టి వాటి పని కొన్నే చేస్తనని ఆయనే ముందు చెప్తడు, వారంటీల ఉన్న బండి అయితే విప్పనే విప్పడు, షోరూంకే పొమ్మంటడు. పొద్దున తొందరగ పోండి, బండి చల్లగ ఉన్నప్పుడే ఇస్తే ఆయనకూ పని సులువు, మీకూ ఆ రోజే బండి చేతికొస్తది.