కోన్ తీసి సూట్ వేశాం: మా జిమ్మీ ఆపరేషన్ తర్వాత తొమ్మిది రోజుల వాడకం

కుక్కలకు ఆపరేషన్ తర్వాత కోన్ (కుట్లు నాకకుండా మెడ చుట్టూ పెట్టే గరాటు లాంటిది) బదులు వేసే బట్ట సూట్ గురించి ఇది. కొనే ముందు నేను చాలా వెతికాను, ఎక్కడ చూసినా "బాగుంది, సాఫ్ట్‌గా ఉంది" అని రెండు ముక్కలే ఉన్నాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మా జిమ్మీ లాబ్రడార్, తొమ్మిదేళ్లు. కుడివైపు పక్కటెముకల మీద చిన్న గడ్డ చేతికి తగిలింది. ఒక వారం పెద్దదయ్యేది, మళ్లీ వారానికి తగ్గినట్టు ఉండేది, తగ్గుతోంది కదా అని ఊరుకున్నాం. అలా పెరిగి తగ్గడమే అనుమానించాల్సిన విషయమని తర్వాత తెలిసింది. సూదితో కణాలు తీసి చూసి మాస్ట్ సెల్ ట్యూమర్ అన్నారు. కుక్కల చర్మానికి వచ్చే క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదేనట. ఆ కణాల నిండా హిస్టమిన్ (అలర్జీలో దురద, వాపు తెచ్చే రసాయనం) ఉంటుంది, గడ్డను నలిపితే అది బయటికొచ్చి చుట్టూ ఎర్రబడి వాస్తుంది కాబట్టి ఊరికే నొక్కి చూడొద్దని చెప్పారు. అప్పటిదాకా నేను రోజుకు పదిసార్లు నొక్కి చూస్తూనే ఉన్నాను. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గడ్డ బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది, అంతే. కుట్టు మాత్రం నా జానెడు ఉంది! చుట్టూ రెండు సెంటీమీటర్ల దాకా మామూలు చర్మం, అడుగున ఇంకో పొర కూడా కలిపి తీస్తేనే మిగిలిపోయే భయం తగ్గుతుంది. గుండ్రంగా కోస్తే దగ్గరికి లాగి కుట్టడం కుదరదు కాబట్టి పొడుగ్గా కోస్తారు. ఇవన్నీ ముందే చెప్పి ఉంటే, గుండు చేసిన పక్క, దాని మీద ఆ కుట్ల వరస చూసినప్పుడు మా ఆయనా నేనూ అంత బెదిరిపోయేవాళ్లం కాదు.

కోన్‌తో మొదటి రెండు రోజులు నరకం. తలుపు దగ్గరికి రాగానే అంచు తగిలి ఆగిపోయేవాడు, వెనక్కి రావచ్చని తెలియక గోడకు మొహం పెట్టి అలాగే నిలబడేవాడు. గడ్డం నేల మీద ఆనించి పడుకోవడం వాడికి అలవాటు, అది కుదరక కూర్చునే కునికేవాడు. మత్తు దిగే మొదటి రాత్రి మూలుగుతుంటే నొప్పేమో అని భయపడ్డాం. మత్తు వల్ల కూడా అలా అయోమయంగా మూలుగుతారట. ఏమైనా మన నొప్పి మాత్రలు మాత్రం వేయకండి, ఐబుప్రోఫెన్ కుక్కల కడుపుకూ కిడ్నీలకూ చాలా ప్రమాదం.

మూడో రోజు డాక్టర్‌ని అడిగి సూట్ తెప్పించాం. కొలత మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా తీసుకోవాలి, ఛాతీ చుట్టు కొలత కూడా చూసుకోండి. సాగే కాటన్ బట్ట, వెనక వైపు టిచ్ బటన్లు. మగ కుక్క అయితే బయటికి తీసుకెళ్లే ముందు బటన్లు విప్పి వెనక భాగాన్ని నడుము పైదాకా మడిచి పెట్టాలి, ఒక్కసారి మర్చిపోయినా సూట్ తడిసిపోతుంది. తొడిగిన పది నిమిషాలు బొమ్మలా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి గడ్డం నా మోకాలి మీద పెట్టి ఒక పెద్ద నిట్టూర్పు విడిచాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి వాడి చెవుల వెనక గోకగలిగాను. ఆ ఒక్కదానికే ఈ సూట్‌కి నేను రుణపడి ఉంటాను.

ఇక లోపం. ఐదో రోజు మధ్యాహ్నం పక్కన చెయ్యి వేస్తే బట్ట తడిగా తగిలింది. సూట్ మీద నుంచే నాకుతున్నాడు! నేను కొన్నది ముదురు నీలం, తడి కంటికి కనిపించలేదు. విప్పి చూస్తే రెండు కుట్ల దగ్గర ఎర్రగా ఉంది. ఫోటో తీసి పంపితే, సూట్ మార్చి పొడిగా ఉంచండి, ఎవరూ చూడనప్పుడు కోన్ కూడా వేయండి అన్నారు. ఈ రకం గడ్డ తీసిన చోట పుండు మానడం ఒక్కోసారి ఆలస్యమవుతుంది, కాబట్టి అశ్రద్ధ పనికిరాదు. ఇప్పుడు పగలు మా కళ్ల ముందు సూట్, రాత్రి సూట్ మీద కోన్. కోన్ పూర్తిగా మానేయొచ్చని కొంటే మాత్రం నిరాశ పడతారు. కొనేటప్పుడు రెండు కొనండి, లేత రంగువి కొనండి, చెమ్మైనా రక్తపు చుక్కైనా వెంటనే కనబడుతుంది.

ఇంకో సంగతి, సూట్ వేస్తే కుట్లు కంటికి కనబడవు, అదే దీనితో చిక్కు. పొద్దున, సాయంత్రం విప్పి చూడాల్సిందే. నేను ఒకే చోట, ఒకే వెలుతురులో రోజూ ఫోటో తీస్తున్నాను, నిన్నటికి ఇవాళ్టికి తేడా తెలుస్తుంది. మొదటి రోజుల్లో కొంచెం ఎరుపు, వాపు మామూలే. వాపు పెరుగుతున్నా, వాసన వచ్చినా, చీము కారినా, కుట్ల మధ్య చర్మం విడిపోయినా ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి. హిస్టమిన్ వల్ల కడుపులో యాసిడ్ కూడా పెరుగుతుంది కాబట్టి వాంతులు, నల్లటి విరేచనం ఉన్నాయేమో చూడమన్నారు.

తీసిన గడ్డను ల్యాబ్‌లో పరీక్షించి ఇచ్చే రిపోర్ట్ విషయంలో మాత్రం నాకు బాధగా ఉంది. మేం చూపించిన చోట నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది అన్నారు. ఐదో రోజు మూడుసార్లు ఫోన్ చేశాను, ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ "వస్తే చెప్తాం" అన్నారు. చివరికి డాక్టరే మాట్లాడి అర్థమయ్యేలా చెప్పారు: తీసిన ముక్క ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవం) ల్యాబ్‌కి వెళ్లాలి, అంచులకు రంగు పూసి, సన్నటి పొరలుగా కోసి, కణాలు అంచుదాకా ఉన్నాయా, ఎంత వేగంగా ఒకటి రెండుగా చీలి పెరుగుతున్నాయి, లో గ్రేడా (తక్కువ ప్రమాదం) హై గ్రేడా (ఎక్కువ ప్రమాదం) అని చూడాలి, దానికి వారం పది రోజులు పడుతుంది. ఆ పది రోజుల మాట మొదటే చెప్పి ఉంటే ఐదో రోజు నుంచి ప్రతి రింగుకీ గుండె జారేది కాదు. జిమ్మీకి ఇవేవీ తెలియవు. బంతి నోట కరుచుకుని నా ఎదురుగా నిలబడతాడు, ఇప్పుడు పరిగెత్తకూడదురా కన్నా అంటే తోక ఊపుతాడు.

సూట్‌కి ఐదుకి నాలుగు ఇస్తున్నాను, ఒకటి తడి సంగతికి తగ్గించాను. ఇవాళ తొమ్మిదో రోజు. కుట్లు ఇంకో నాలుగు రోజుల్లో విప్పుతారు, రిపోర్ట్ ఇంకా రాలేదు. నీలం సూట్ తీగ మీద ఆరుతోంది, వాడు కొత్తగా కొన్న లేత బూడిద రంగు దాంట్లో నా కాళ్ల దగ్గర పడుకున్నాడు. రిపోర్ట్ ఏదైనా సరే, వచ్చాక ఇక్కడే రాస్తాను.