శబ్దం తగ్గించే కారు అద్దం: నాలుగున్నరేళ్ల వాడకం తర్వాత

మా అమ్మకు 72 ఏళ్లు. రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టుకుంటుంది. ఏటా ఐదారుసార్లు హైదరాబాదు నుంచి గుడివాడ దగ్గరున్న మా ఊరికి నేనే కారులో తీసుకువెళ్లి, మళ్లీ నేనే తీసుకువస్తాను. పాత కారులో వెళ్లేటప్పుడు, చౌటుప్పల్ దాటి బండి వేగం అందుకోగానే అమ్మ యంత్రాలు రెండూ తీసి చిన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను చేతిసంచిలో వేసుకునేది. మాటతో పాటు గాలి హోరును కూడా ఆ యంత్రాలు పెద్దది చేసి వినిపిస్తాయి కనుక, వాటిని పెట్టుకుని కూర్చోవడం కంటే ఏమీ వినపడకపోవడమే ఆమెకు నయమనిపించేది. అక్కడి నుంచి విజయవాడ దాకా మా ఇద్దరి మధ్య మాటలుండేవి కావు. 2020 డిసెంబరులో కొత్త కారు కొన్నప్పుడు, మిగతా సౌకర్యాలు కొన్ని వదులుకుని మరీ, ముందు తలుపులకు శబ్దం తగ్గించే లామినేటెడ్ అద్దాలున్న సెడాన్‌ను ఎంచుకోవడానికి కారణం ఇదొక్కటే. ఇప్పటికి నాలుగున్నరేళ్లయింది, 61 వేల కిలోమీటర్లు తిరిగాను. నడుమ ఆరు వారాల పాటు ఒకవైపు మామూలు అద్దంతో తిరగవలసి రావడం వల్ల, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం కూడా దొరికింది.

మామూలుగా కారు పక్క తలుపులకు బిగించేది టెంపర్డ్ అద్దం. అది ఒకే పలక, మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చడం వల్ల గట్టిపడుతుంది. పగిలితే పటికబెల్లం పలుకుల్లా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. నా కారు ముందు తలుపులకున్నది అలాంటిది కాదు. రెండు పలుచని గాజు పలకల మధ్య పాలీవినైల్ బ్యుటిరాల్ అనే ప్లాస్టిక్ పొరను ఉంచి, వేడి మీద ఒత్తి ఒకటిగా అతికిస్తారు. మన దేశంలో డ్రైవరు ఎదుటి పెద్ద అద్దం తప్పనిసరిగా ఇలా అతికించినదే అయి ఉండాలి కనుక, ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. శబ్దం కోసం ప్రత్యేకంగా చేసినదానిలో తేడా అంతా ఆ మధ్య పొరలోనే ఉంది. ఆ పొరే మళ్లీ మూడు పొరలుగా ఉంటుంది: బయటి రెండూ కాస్త బిగువుగా, నడిమిది మెత్తగా.

ఆ మెత్తదనం ఎందుకో తెలియాలంటే గాజుకున్న ఒక బలహీనత తెలియాలి. బయటి నుంచి వచ్చే ధ్వని అద్దాన్ని తాకినప్పుడు పలక కంటికి కనిపించనంతగా వంగి, ఆ వంపు అలలా దాని వెంట సాగుతుంది. గాలిలోని అలా, గాజులోని అలా ఒకే తీరున నడిచే పౌనఃపున్యం (ధ్వని సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెప్పే లెక్క, హెర్ట్జ్‌లలో) దగ్గర, అద్దం అడ్డుగోడలా నిలవక డప్పు తోలులా మోగి, ధ్వనిని లోపలికి పంపేస్తుంది. 4 మిల్లీమీటర్ల అద్దానికి ఇది సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మనిషి చెవి చురుగ్గా పనిచేసేదీ ఆ ప్రాంతంలోనే. చ, స, శ, త వంటి హల్లులను ఒకదాని నుంచి ఒకటి వేరుచేసి పోల్చుకునేదీ అక్కడే. వయసు మీదపడ్డప్పుడు ముందుగా తగ్గే వినికిడి కూడా ఈ పైస్థాయి ధ్వనులదే. అందుకే అమ్మకు మాట్లాడుతున్నామని తెలుస్తుంది కానీ, ఏం మాట్లాడామో తెలియదు. పాత కారులో ఒకసారి ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటున్న ఆమెను "చాలా అమ్మా?" అని అడిగితే, "పాలా? ఇప్పుడు పాలెక్కడివిరా?" అంది. గాలి హోరు ఆ 'చ'ను మింగేసింది. మెత్తటి పొర ఉన్న అద్దంలోనైతే, రెండు పలకలూ వంగేటప్పుడు నడిమి పొర అటూ ఇటూ సాగుతూ ఆ కదలికను రవ్వంత వేడిగా మార్చేస్తుంది. దాంతో 3,000 హెర్ట్జ్ దగ్గరున్న ఆ గండి చాలావరకు పూడిపోతుంది.

కొత్త కారులో మొదటి ప్రయాణంలో అమ్మ సూర్యాపేట దాకా యంత్రాలు తీయలేదు. నాలుగైదు ప్రయాణాలు గడిచేసరికి ఆ డబ్బా సంచిలోంచి బయటికి రావడమే మానేసింది. అయినా, కొత్త కారు కాబట్టి అన్నీ కలిసి శబ్దం తగ్గిందా, లేక ఇది అద్దం పనేనా అన్న అనుమానం నాకు రెండున్నరేళ్ల పాటు ఉండేది.

2023 జూన్‌లో మా అపార్టుమెంటు ఆవరణలో గడ్డి కోసే యంత్రం కింద పడ్డ రాయి ఎగిరి, నిలిపి ఉన్న కారు ఎడమవైపు ముందు అద్దానికి తగిలింది. అద్దం నిండా సాలెగూడులా బీటలు వచ్చాయి కానీ, సీటు మీద ఒక్క ముక్క కూడా పడలేదు. పలకలు రెండూ ఆ ప్లాస్టిక్ పొరను పట్టుకుని అలాగే నిలబడ్డాయి. ఇలాంటప్పుడు అద్దాన్ని దించకూడదు. దించితే బీటలువారిన గాజు తలుపు లోపల నలిగి, అద్దం జారే గాడిలో ఇరుక్కుంటుంది. నేను వెడల్పాటి టేపు అంటించి సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్లాను. అదే రకం అద్దం తెప్పించడానికి ఆరు వారాలు పడుతుందని చెప్పి, అప్పటిదాకా అదే మోడల్‌లో తక్కువ ధర కారుకు వచ్చే మామూలు అద్దాన్ని బిగించారు. వానాకాలం మొదలవుతోంది కనుక నేనూ ఒప్పుకున్నాను.

అమ్మ అప్పుడు ఊళ్లో ఉంది. అద్దం సంగతి ఆమెకు తెలియదు, నేనూ చెప్పలేదు. రెండు వారాల తర్వాత ఆమెను తీసుకురావడానికి వెళ్లి, విజయవాడ దాటి హైవే ఎక్కాక, బండి 90కి చేరేసరికి అమ్మ నా వైపు తిరిగి, "అద్దం పూర్తిగా ఎక్కినట్టు లేదు, చూడరా నాన్నా" అంది. నేను మీట నొక్కి చూపించాను. అద్దం పూర్తిగానే ఎక్కి ఉంది. ఆమె నమ్మలేదు. అరచేతిని అద్దం పై అంచు వెంట, రబ్బరు బీడింగ్ దగ్గర, ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా జరుపుతూ గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతికింది. ఎక్కడా రాలేదు. నందిగామ చేరకముందే, ఎన్నాళ్లగానో సంచి అడుగున పడి ఉన్న ఆ డబ్బా బయటికి వచ్చింది. నా అనుమానం అక్కడితో తీరిపోయింది.

ఆ ఆరు వారాల్లోనూ, కొత్త అద్దం వచ్చాకా, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒకే చోట, తెల్లవారుజామున, 100 వేగంతో, ఏసీ ఫ్యాను ఒకటో నంబరులో పెట్టి, ఎడమ సీటు తల ఆనించే చోట ఫోను ఉంచి శబ్దాన్ని కొలిచాను. ఫోన్ యాప్ ప్రయోగశాల పరికరం కాదు. అయితే ఒకే ఫోను, ఒకే రోడ్డు, ఒకే వేగం కనుక పోలికకు పనికొస్తుంది. మామూలు అద్దంతో 70, 71 డెసిబెల్‌ల మధ్య కనిపించింది. లామినేటెడ్ అద్దం బిగించాక 68 దగ్గర నిలిచింది. చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్‌లు తగ్గాలి కనుక, అంకెను చూసి నిరాశపడేవాళ్లుంటారు. కానీ ఆ అంకెలో టైర్ల రొద, ఇంజను మోత, గాలి హోరు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. తగ్గినది వాటిలో ఒక్క గాలి హోరే, అదీ మాటను మింగే పైస్థాయి ధ్వనుల్లోనే. అమ్మకు కావలసినచోటే తగ్గింది. ఈ అద్దం విలువను ఒక్క డెసిబెల్ అంకెతో తేల్చేవాళ్లతో నేను ఏకీభవించలేను.

నగరంలో 40, 50 వేగంతో తిరిగేటప్పుడు గాలి హోరు ఎటూ ఉండదు కనుక అద్దం ఉన్నట్టే తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర పక్కనే ఆగిన మోటారు సైకిలు హారన్ కొట్టినప్పుడు మాత్రం తెలుస్తుంది. ఆ మోతలోని పదును పోయి, గోడ అవతలి నుంచి వచ్చినట్టుంటుంది. హైవే మీద లారీల గాలి హారన్ వినపడుతుంది కానీ గుండె ఝల్లుమనదు.

టైర్ల రొద విషయంలో ఈ అద్దం నుంచి ఏమీ ఆశించకూడదు. గరుకు తారు మీద టైర్ల నుంచి పుట్టే బరువైన శబ్దం చక్రాల గూళ్ల ద్వారా, నేల రేకు ద్వారా బండి ఒంట్లోకే పాకి లోపలికి వస్తుంది. దానికి అద్దంతో పనిలేదు. 42 వేల కిలోమీటర్ల దగ్గర అరిగిన టైర్లు మార్చినప్పుడు ఈ రొద ఎంత తగ్గిందంటే, అంతకుముందు అద్దాన్ని తప్పుపట్టినందుకు బాధ కలిగింది. పెద్ద వానలో పైకప్పు మీద పడే చినుకుల మోత కూడా అంతే, తగ్గదు. పైగా గాలి హోరు తగ్గేసరికి ఇన్నాళ్లూ దాని చాటున దాగిన చిన్న చిన్న చప్పుళ్లు బయటపడ్డాయి. డ్యాష్‌బోర్డు ఎడమ మూల చలికాలంలో కిర్రుమంటుందని నాకు ఈ కారులోనే తెలిసింది. వెనక తలుపులకున్నవి మామూలు అద్దాలే కనుక వెనక కూర్చున్నవాళ్లకు దక్కే లాభం స్వల్పం. మా అక్క వెనక సీట్లో కూర్చుని అమ్మతో మాట్లాడాలంటే ఇప్పటికీ ముందుకు వంగవలసిందే.

ఎంత మంచి అద్దమైనా దాని చుట్టూ ఉన్న రబ్బరు సరిగా లేకపోతే పెట్టిన ఖర్చంతా వృథా. కొత్త అద్దం బిగించి ఇచ్చిన మర్నాడు 80 వేగం దాటగానే సన్నని ఈల మొదలైంది. రెండుసార్లు తిరిగి తీసుకువెళ్లినా, రెండుసార్లూ పై నుంచి చూసి బాగానే ఉందని పంపేశారు. చివరికి ఒక పాత మెకానిక్ చెప్పిన పద్ధతి పాటించాను. అద్దం దించి, పది రూపాయల నోటును పై అంచున సగం లోపలికీ సగం బయటికీ ఉండేలా పెట్టి, అద్దం ఎక్కించి, నోటును లాగి చూడాలి. మిగతా అన్నిచోట్లా నోటు బిగుసుకుని బలంగా లాగితేనే వచ్చింది. సైడు మిర్రర్ పైన, మూల దగ్గర మాత్రం వెన్నలోంచి జారినట్టు వచ్చేసింది. అక్కడ బీడింగ్ రెండు అంగుళాల మేర మడతపడి లోపలికి ముడుచుకుని ఉంది. మూడోసారి ఆ చోటు చూపించాక పది నిమిషాల్లో సరిచేశారు, ఈల పోయింది. అద్దం మార్పించుకున్నవాళ్లు బండి తీసుకునే ముందే ఈ పరీక్ష చేసుకోవడం మంచిది.

భద్రత విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఆపదలో పక్క అద్దం పగలగొట్టి బయటపడటానికి చాలామంది కారులో చిన్న సుత్తి ఉంచుకుంటారు. అది టెంపర్డ్ అద్దాన్ని పగలగొడుతుంది కానీ లామినేటెడ్ అద్దాన్ని పగలగొట్టి దారి ఇవ్వదు. 2019లో అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఇలాంటి ఆరు పనిముట్లను పరీక్షిస్తే, నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టగలిగాయి. లామినేటెడ్ అద్దం ముందు ఒక్కటీ పనిచేయలేదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో కార్లు కొట్టుకుపోవడం చూసినవాళ్లం కనుక ఇది తేలికగా తీసుకునే మాట కాదు. నా కారులో వెనక అద్దాలు టెంపర్డ్ కాబట్టి, సుత్తిని ముందు సీటు వెనక జేబులో పెట్టాను. బయటపడాలంటే వెనక అద్దం వైపే వెళ్లాలని ఇంట్లో అందరికీ, అమ్మకు కూడా, చూపించి చెప్పాను. మరో జాగ్రత్త డ్రైవరుది. అంబులెన్సు సైరన్ ముందుకంటే ఆలస్యంగా చెవిన పడుతోంది. ఒకసారి ఉప్పల్ కూడలిలో అంబులెన్సు నా వెనకకు వచ్చేదాకా గమనించలేకపోయాను. అప్పటి నుంచి మిర్రర్ చూడటం అలవాటుగా పెంచుకున్నాను. కూడళ్ల దగ్గర పాటల శబ్దం తగ్గిస్తున్నాను.

ఎండ విషయంలో అనుకోని లాభం ఉంది. ఆ మధ్య పొర అతినీలలోహిత కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది కనుక, కుడిచేయి మునుపటిలా నల్లబడటం లేదు. వేడిని మాత్రం ఆపదు. మే నెలలో ఏసీ ఎప్పటిలాగే కష్టపడుతుంది. మన్నిక గురించి చెప్పాలంటే, పాతదైన కుడివైపు అద్దం కింది మూలలో, పూర్తిగా దించితేనే కనిపించే చోట, గోరంత మేర పొర తెల్లబారింది. తలుపు లోపల చేరే తేమ అంచు నుంచి పొరలోకి పోవడం వల్ల ఇలా జరుగుతుంది. నాలుగు వానాకాలాలకు ఇంతే కనుక దీన్ని పెద్ద లోపంగా లెక్కించను.

శబ్దం తగ్గిస్తుందని చెప్పి పలుచని ఫిల్మ్ అంటించే దుకాణాలు కొన్ని ఉన్నాయి. దయచేసి ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. ధ్వనిని ఆపడానికి కావలసింది బరువు, కంపనాన్ని మింగే మెత్తటి నడిమి పొర; అద్దం పైన అంటించిన పలుచని కాగితం లాంటిది ఈ రెండింటిలో ఏదీ ఇవ్వలేదు. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అప్పట్లో కారు అద్దాలకు ఫిల్మ్ అంటించడాన్నే నిషేధించింది కూడా.

ఖర్చు విషయానికొస్తే, ఈ అద్దం ధర మామూలు దానికి దాదాపు మూడింతలు. మన బీమా నియమాల ప్రకారం గాజు భాగాలకు తరుగుదల కోయరు కనుక, సమగ్ర పాలసీ ఉంటే తప్పనిసరిగా భరించవలసిన కొద్ది మొత్తం పోను మిగతాది వస్తుంది. అయితే క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. రెండూ లెక్కవేసుకుని నేను క్లెయిమ్‌కే వెళ్లాను.

వెనక తలుపులకు కూడా ఇదే అద్దం వేయించాలని అడిగాను కానీ, నా మోడల్‌కు అది తయారు కావడం లేదు. కొత్తగా కారు చూడటానికి వెళ్లేవాళ్లు కాగితంలో రాసినదానితో సరిపెట్టుకోకుండా, ప్రతి తలుపు అద్దాన్నీ సగం దించి, దాని పై అంచును వెలుతురులో పరిశీలించాలి. మామూలు అద్దమైతే అంచు ఒకే ముద్దగా ఉంటుంది. లామినేటెడ్ అయితే రెండు ఆకుపచ్చ గీతల నడుమ సన్నని తెల్లటి గీత, పొట్టు తీయని కొబ్బరి బద్ద అంచులా, స్పష్టంగా కనిపిస్తుంది. కింది మూలలో ముద్రించిన చిన్న అక్షరాల్లో లామినేటెడ్ అనో, అకౌస్టిక్ అనో ఉందేమో కూడా చదవాలి. నాలుగు తలుపులూ విడివిడిగా చూడాలి, ముందువి చూసి వెనకవీ అంతేనని అనుకోకూడదు. ఆ రోజు షోరూమ్‌లో నేను చేసిన పొరపాటు అదే.