బ్రాడీపేటలో రాజ్యాంగ సవరణల కోర్సు: పాఠానికి ఎక్కువ మార్కులు, నోట్సుకు తక్కువ

మా అమ్మాయి గ్రూప్-1కు చదువుతోంది. గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సంస్థ రాజ్యాంగ సవరణల మీద సాయంత్రం పూట చిన్న కోర్సు పెట్టిందంటే తనను చేర్పించడానికి వెళ్లి, నేను కూడా మూడు వేలు కట్టి చేరిపోయాను. నేను దస్తావేజు లేఖరిని. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఎదుట కూర్చుని హద్దులు, షరతులు రాయడమే నా బతుకుతెరువు. అందుకని పాఠం చెప్పిన తీరుకంటే కాగితం మీద ఏం రాసి ఉందన్నదే నాకు ముందు కనిపిస్తుంది. ఈ సమీక్షను ఆ దృష్టితోనే చదువుకోండి.

వసతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కరపత్రంలో ఏసీ ఉంది, గదిలో ఫ్యాన్లున్నాయి. బండి పెట్టుకోవాలంటే పక్క లైనుకు వెళ్లాలి. మైకు మాత్రం వెనక బెంచీకి కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

కట్టిన ఫీజుకు న్యాయం చేసిన పాఠం శాసనసభ్యుల పదవీకాల పరిమితి మీద జరిగింది. మాస్టారు మన రాజ్యాంగంతో కాక అమెరికా రాష్ట్రాలతో మొదలుపెట్టారు. 1990లో ఓక్లహోమా, కొలరాడో, కాలిఫోర్నియా ఓటర్లు తమ రాష్ట్ర శాసనసభ్యులు ఎన్నేళ్లకు మించి ఉండరాదో రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. కాలిఫోర్నియాలో అసెంబ్లీకి 6 ఏళ్లు, సెనేట్‌కు 8 ఏళ్లు. ఆ గడువు అయిపోతే ఆ సభకు జీవితంలో మళ్లీ పోటీ చేయడానికి లేదు. 2012 జూన్‌లో 28వ ప్రతిపాదన పేరుతో ఆ నిబంధనను మార్చారు. ఓటర్ల ముందుంచిన సారాంశాన్ని మాస్టారు తెర మీద చూపించారు: శాసనసభలో మొత్తం పదవీకాలాన్ని 14 ఏళ్ల నుంచి 12కు తగ్గిస్తుంది, ఆ 12 ఏళ్లూ ఒకే సభలో గడపవచ్చు. దీనికి ఎవరు ఓటేస్తారని అడిగితే దాదాపు అందరూ చేతులెత్తారు.

అప్పుడు ఆయన బోర్డు మీద రెండు అంకెలు వేశారు. అసెంబ్లీలో 80 సీట్లు, సెనేట్‌లో 40. అసెంబ్లీలో ఆరేళ్లు నిండిన వారందరికీ సెనేట్‌లో చోటు దొరకదు, కాబట్టి పాత లెక్క ప్రకారం పూర్తి పద్నాలుగేళ్లు అందుకోగలిగేది కొందరే. మిగిలినవారికి ఈ ‘తగ్గింపు’ వల్ల ఆరేళ్లు కాస్తా పన్నెండవుతాయి. రాసింది అబద్ధం కాదు, కానీ ఏ వాక్యం ముందు పెట్టాలో రాసినవారికి బాగా తెలుసు. కాలిఫోర్నియా ఓటర్లలో దాదాపు 61 శాతం మంది అవుననే అన్నారు. మిషిగన్‌లో 2022లో ఇదే 14 నుంచి 12 లెక్కకు ఆస్తుల వివరాలు వెల్లడించాలన్న షరతు జోడించి గెలిపించుకున్నారు. అర్కాన్సాస్‌లో 2014 సవరణ నైతిక నియమాలు, లాబీయిస్టుల (శాసనసభ్యుల చుట్టూ తిరిగి తమకు కావలసిన చట్టాలు చేయించుకునేవారి) కానుకలపై నిషేధం అంటూ మొదలవుతుంది, గడువును 16 ఏళ్లకు పెంచే మాట మాత్రం లోపల ఉంటుంది. అమ్మకం దస్తావేజు మొదటి పేజీలో తాతల వంశావళి అంతా రాసి, మూడో పేజీలో దారి హక్కు ఎగరగొట్టే కక్షిదారులను నేను చాలామందిని చూశాను.

గడువు పెంచాలన్న వారి వాదననూ మాస్టారు దాచలేదు. ఆరేళ్లలో బడ్జెట్ చదవడం నేర్చుకునేలోపే ఇంటికి పోవాలి, తర్వాతి పదవి కోసం వెతుకులాటలో సగం కాలం గడుస్తుంది, ఈలోగా పెత్తనం అధికారులకూ లాబీయిస్టులకూ పోతుంది. నాకు ఈ వాదన సబబే అనిపించింది. నా అభ్యంతరం పెంచడం మీద కాదు, పెంపును తగ్గింపుగా రాయడం మీద.

ఇదంతా రాజ్యాంగంలోనే ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్నకు ఐడహో ఉదాహరణ చెప్పారు. అక్కడ పరిమితి మామూలు చట్టంగానే ఉండేది. 2002లో శాసనసభ్యులే దాన్ని రద్దు చేసుకున్నారు, మరుసటి ఏడాది యూటా వారూ అదే పని చేశారు. ఈ ఒక్క ముక్క కోసం మూడు అంతస్తులు ఎక్కవచ్చు.

ఇక మన దగ్గర అసలు పరిమితే లేదు. శాసనసభ గడువు 172వ అధికరణ ప్రకారం ఐదేళ్లు, 173 ప్రకారం అభ్యర్థికి 25 ఏళ్లు నిండాలి, ఎన్నిసార్లు గెలవవచ్చన్నదానికి పై హద్దు ఎక్కడా లేదు. పొన్నూరులో ధూళిపాళ్ల నరేంద్ర కుమార్ 1994 నుంచి 2014 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచారు, 2019లో ఓడారు, 2024లో మళ్లీ గెలిచారు. పన్నెండేళ్ల నియమం ఉంటే ఇదంతా జరిగేదే కాదని నేను గుసగుసగా అంటే, “ఓడించడానికి ఓటర్లకు సవరణ అక్కర్లేకపోయింది కదా నాన్నా” అంది మా అమ్మాయి. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇక్కడ పరిమితి పెడితే దాన్ని ఎలా రాయాలని నేను లేచి ఒక ప్రశ్న అడిగాను. 1983 జనవరిలో ఎన్నికైన మన శాసనసభ 1984 నవంబరులోనే రద్దయింది, 1985 మార్చిలో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ‘రెండుసార్లు’ అని రాస్తే అప్పటి సభ్యుడు 1989 చివరికి ఏడేళ్లు కూడా నిండకుండానే ఇంటికి పోతాడు. ‘పదేళ్లు’ అని రాస్తే మూడోసారి గెలిచాక మధ్యలో గడువు ముగుస్తుంది, అప్పుడు ఉప ఎన్నిక పెడతామా? కాలిఫోర్నియా సభను ఎవరూ మధ్యలో రద్దు చేయరు కాబట్టి వారికి ఈ చిక్కు లేదు. “బాగా పట్టుకున్నారండీ” అని మాస్టారు ఆ నిబంధనను రాసుకుని రమ్మని తరగతి మొత్తానికి ఇంటిపని ఇచ్చారు. మరుసటి రోజు అందరివీ చదివి, ఏది ఎక్కడ కోర్టులో నిలవదో చెప్పారు. కోర్సు మొత్తానికి అదే ఉత్తమమైన గంట.

ఇక అచ్చువేసిన నోట్సు. మాస్టారికీ దానికీ ఏ సంబంధమూ ఉన్నట్టు లేదు. పరిమితి ఉన్న అమెరికా రాష్ట్రాలు 15 అని ఉంది, 2022లో నార్త్ డకోటా చేరాక అవి 16. అంతకంటే పెద్ద తప్పు, మన దేశంలో శాసనసభ్యులకు ఇలాంటి పరిమితి పెట్టే సవరణకు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తప్పనిసరి అని రాశారు. 368వ అధికరణలో ఆ ఆమోదం కావలసిన అంశాల జాబితా ఉంది, అందులో 172, 173 లేవు. పార్లమెంటు ఉభయసభల్లో ప్రత్యేక మెజారిటీ (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు) చాలు. మాస్టారికి చూపిస్తే వెంటనే ఒప్పుకున్నారు. కార్యాలయంలో చెబితే వచ్చే ముద్రణలో దిద్దుతామన్నారు. ఆ తర్వాత చేరిన పిల్లల చేతుల్లోనూ అదే పుస్తకం కనిపించింది. పరీక్షలో ఆ ప్రశ్న వస్తే మార్కు పోయేది వాళ్లకు.

పాఠానికి ఐదుకు నాలుగున్నర, నోట్సుకు ఒకటిన్నర. చేరేవారు నోట్సుకు విడిగా తీసుకునే ఐదు వందలు కట్టకుండా, విజయవాడ ఏలూరు రోడ్డులో రాజ్యాంగం తెలుగు ప్రతి కొనుక్కోండి. ఫీజు రెండు విడతలుగా తీసుకుంటారు. రసీదు అడిగితేనే ఇస్తారు, దాని మీద తేదీ వేశారో లేదో చూసుకోండి.