కుక్క, పిల్లి: మనసుకు ఏది మేలు?

మా ఒంగోలులో పిల్లిని పెంచుకుంటానంటే పెద్దవాళ్లు ఓ పట్టాన ఒప్పుకోరు. ఎదురొస్తేనే అపశకునం, ఇంక ఇంట్లోనా అంటారు. దానికి తోడు ఇప్పుడు "పిల్లి ఉంటే పిచ్చి పడుతుందట" అనే వాట్సాప్ మాట ఒకటి.

ఆ మాట ఊరికే పుట్టలేదు. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకవచ్చు. స్కిజోఫ్రేనియా (భ్రమలు, లేని మాటలు వినిపించడం లాంటివి ఉండే తీవ్ర మానసిక వ్యాధి) ఉన్నవాళ్లలో దాని యాంటీబాడీలు, అంటే అది ఎప్పుడో సోకిందని రక్తంలో కనిపించే గుర్తులు, కాస్త ఎక్కువగా కనిపించాయి. అంతమాత్రాన పిల్లే కారణమని కాదు. ఇంగ్లండ్‌లో సుమారు 5,000 మంది పిల్లలను 18 ఏళ్ల దాకా గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లిని పెంచడానికీ సైకోసిస్ (వాస్తవంతో పట్టు తప్పే స్థితి) లక్షణాలకూ సంబంధం తేలలేదు. అసలు టాక్సోప్లాస్మా సరిగా ఉడకని మాంసంతోనూ, కడగని కూరగాయలతోనూ వస్తుంది. మలంలోని క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కాబట్టి పిల్లి మలవిసర్జనకు పెట్టే ఇసుక ట్రేని రోజూ శుభ్రం చేయాలి. గర్భిణులు మాత్రం ఆ పని చేయకపోవడమే మంచిది.

కుక్క విషయంలో, చిన్నప్పుడు ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకు స్కిజోఫ్రేనియా కొంత తక్కువని 2019లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ పరిశోధకులు చూశారు. అదీ సంబంధమే, రుజువు కాదు. నాకు నచ్చేది వేరే: కుక్క మనిషిని గుమ్మం దాటిస్తుంది, పక్కింటివాళ్లతో నాలుగు మాటలు కలుపుతుంది. కాకపోతే మే నెల ఎండకు తెల్లారి ఆరింటికే లేవాలి, రేబిస్ టీకా మరవకూడదు. నైట్ డ్యూటీలు చేస్తూ ఒంటరిగా ఉండేవాళ్లకు ఇదే పెద్ద టెన్షన్. వాళ్లకైతే నేను పిల్లినే చెబుతాను, పెద్దవాళ్లు ఏమన్నా సరే.