వెరోనాలో అమరోనే కొంటున్నారా? డబ్బు కట్టే ముందు లేబుల్ చదవండి

అమరోనే అంటే ఇటలీలోని వెరోనా వైపు చేసే ఖరీదైన ఎర్ర వైన్. వెరోనాలో అదే అనుకుని మూడు సీసాలు కొన్నాను, ఒక్కోటి 42 యూరోలు. మూడింట్లో ఒక్కటీ అమరోనే కాదు. కొట్టు పేరు రాయను. ఆ ఒక్క కొట్టుని తప్పించుకున్నా, తెలియకపోతే ఇంకోచోట ఇరుక్కుంటారు.

రోమన్ల నాటి అరీనాకి దగ్గర్లో, ఒక సందులో వైన్ షాపు. కౌంటర్ దగ్గరాయన రుచికి గ్లాసులో పోసింది నిజమైన అమరోనేనే, అందులో అనుమానం లేదు. ఎండిన చెర్రీ, కోకో వాసన. నోటి నిండా చిక్కదనం, చివర్లో సన్నటి చేదు. దాని పేరే ఆ చేదు, ఇటాలియన్‌లో అమారో అంటే చేదు. నచ్చేసి, మూడు ఇమ్మన్నాను. ఆయన లోపలికెళ్ళి, చక్కగా చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి మరీ తెచ్చాడు. నాకేమో రైలు టెన్షన్. కార్డు గీకి పరుగెత్తాను.

ఇండియాకి డ్యూటీ లేకుండా రెండు లీటర్లే తేవచ్చు కాబట్టి రెండు సీసాలు హైదరాబాద్ తెచ్చాను. బావగారు ఒక గుక్క తాగి, "బానే ఉంది కానీ, నువ్వు చెప్పినంత లేదోయ్" అన్నారు. అప్పుడు చదివాను లేబుల్. కొట్లో రుచి చూపించిన సీసా మీదున్న అదే తయారీదారు పేరు, అదే కోట బొమ్మ, కింద చిన్న అక్షరాల్లో "వల్పొలిచెల్లా రిపాస్సో".

తేడా ఏమిటంటే, రెండూ వెరోనాకి ఉత్తరాన ఉన్న వల్పొలిచెల్లా కొండల్లోవే. కొర్వీనా, రొందినెల్లా లాంటి అక్కడి ద్రాక్షలే. అమరోనే కోసం ఆ గుత్తుల్ని కోసి, గాలి ఆడే గదుల్లో మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. దాదాపు కిస్‌మిస్ దారి పడతాయన్నమాట. బరువులో మూడో వంతు దాకా పోతుంది, మిగిలిన చక్కెరంతా పులిసి ఆల్కహాల్ కనీసం 14 శాతానికి చేరుతుంది. ఆపైన రెండేళ్ళు తక్కువ కాకుండా నిలవ ఉంచాలి. ఖరీదు అందుకే.

రిపాస్సో అంటే మన రెండో డికాక్షన్. అమరోనే తీసేశాక మిగిలిన పిప్పి మీద పోసేది నీళ్ళు కాదు, మామూలు వల్పొలిచెల్లా వైన్. ఆ పిప్పితో అది మళ్ళీ పులిసి కాస్త ఒళ్ళు చేస్తుంది. చెడ్డ వైన్ కాదు, నిజం చెప్పాలంటే భోజనంలోకి నాకు ఇదే హాయి. కానీ 42 యూరోలకా? అదే తయారీదారు రిపాస్సో తర్వాత ఇంకో ఊళ్ళో 17కి కనిపించింది.

కాబట్టి పెట్టె మూసేలోపు సీసా చేతిలోకి తీసుకోండి. "అమరోనే డెల్లా వల్పొలిచెల్లా" అని పూర్తిగా ఉండాలి. క్లాసికో, సుపీరియోరె అని గొప్పగా రాసి ఉంటే మురిసిపోకండి, ఆ మాటలు రిపాస్సో మీదా ఉంటాయి. "అప్పాసిమెంటో" అని పెద్దక్షరాల్లో ఉన్నవి ఇంకో తిరకాసు. అది ద్రాక్ష ఆరబెట్టే పద్ధతి పేరు, ఈ కొండలతో సంబంధం లేని, దక్షిణ ఇటలీలోని పూలియా వైన్ల మీద కూడా కనిపిస్తుంది. సీసా మెడకి అతికించిన కాగితం పట్టీ ఉంది కదా అని ధీమా పడొద్దు, దాని మీది అక్షరాలు చూడండి. అమరోనేకి 2010 నుంచి డి.ఓ.సి.జి. హోదా, అంటే ఏ ప్రాంతం వైనో హామీ ఇచ్చే ఇటలీ ముద్రల్లో అన్నిటికన్నా పైది. రిపాస్సోకి దాని కింది మెట్టు డి.ఓ.సి. మాత్రమే. ఆ చివరి "జి" కోసమే మనం అంత పోస్తున్నాం.

బిల్లు మీద వైన్ పేరు రాయించుకోండి కూడా. నా బిల్లులో "ఎర్ర వైన్, 3" అని తప్ప ఏమీ లేదు. షాపుకి మెయిల్ పెడితే, మీరు అడిగిందే ఇచ్చాం అని రెండు లైన్ల జవాబు వచ్చింది. అడిగింది ఏమిటో నిరూపించడానికి నా దగ్గర కాగితం లేదు.


మూడో సీసా మ్యూనిక్‌లో మా ఇంట్లోనే ఉంది. వెళ్ళాక మటన్ కూర వండిన రోజు తెరుస్తాను, ఈసారి రిపాస్సో అని తెలిసే.